చెవిలో చెప్పిన మొహాలు

మధ్యాహ్నం. ఇంటి ముందుగదిలో చెల్లెలి సెలూన్. తల కడిగే కుర్చీలో అక్క వెనక్కి వాలి ఉంది; జుట్టు నిండా తెల్లటి జిగురు.

"కదలకు. కదిలితే చెవిలోకి నీళ్ళు పోతాయి."

"పోయాయి."

"ఎప్పుడు?"

"నువ్వు కదలకు అన్నప్పుడు."

"సరేలే, తుడుస్తా. అసలేంటక్కా ఈ జిగురు? గోడకి పోస్టర్లు అంటించే పిండిలా ఉంది. నాలుగుసార్లు షాంపూ పెట్టినా వదలదే."

"జెల్. తీగకీ నెత్తికీ మధ్య పూస్తారు. లేకపోతే మెదడులో కరెంటు వాళ్ళకి అందదు."

"నీ మెదడులో కరెంటుందా! నాకెప్పుడూ చెప్పలేదే. మొన్న పవర్ పోయినప్పుడు వాడుకునేవాళ్ళం కదా."

"అందరి మెదడులోనూ ఉంటుంది. చాలా తక్కువ. నీ దాంతో అయితే బల్బు అసలు వెలగదు."

"జోక్ వేశానక్కా."

"తెలుసు. నేనూ వేశా."

"...ఓహో. ఇవాళ మంచి ఊపు మీదున్నావే. ఏం చేశారేంటి నిన్ను ఆ ల్యాబ్‌లో?"

"టోపీ పెట్టారు. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకుంటారే, అలాంటిది. దానికి అరవై నాలుగు తీగలు. గడ్డం కింద పట్టీ. పట్టీ గుచ్చుకుంటోందని చెబితే ల్యాబ్ అమ్మాయి దూది పెట్టింది. మంచిదా అమ్మాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది. అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది."

"నాలా కాదన్నమాట."

"నీలా కాదు."

"వెంటనే ఒప్పేసుకోకక్కా! కాస్త ఆలోచించినట్టు నటించొచ్చు కదా. సరే, ఆ అమ్మాయికి ఏం కావాలట?"

"ఆటిజం ఉన్నవాళ్ళ మెదడు మొహాల్ని ఎలా చదువుతుందో తెలియాలట. నాలాంటివాళ్ళు ముప్పై మంది, నీలాంటివాళ్ళు ముప్పై మంది."

"నాలాంటివాళ్ళంటే? అందగత్తెలా?"

"ఆటిజం లేనివాళ్ళు. అందం సంగతి వాళ్ళిచ్చిన కాగితంలో రాయలేదు."

"రాయాల్సింది. ఊఁ, చెప్పు."

"తెర మీద ఒక మొహం వస్తుంది. రెప్ప కొట్టేలోపు పోతుంది. అది ఏ మొహమో బటన్ నొక్కాలి. సంతోషం, బాధ, కోపం, భయం, ఏమీ లేదు. ఐదు బటన్లు, నాలుగు వందల మొహాలు."

"అమ్మో! ఇంటికి నాలుగొందల మంది చుట్టాలు ఒకేసారి వచ్చినట్టు."

"చుట్టాలకన్నా నయం. తెరలోంచి చెయ్యి చాపి బుగ్గ గిల్లరు."

"మరి పక్కన నేను లేకుండా ఎలా నెట్టుకొచ్చావు?"

"నెట్టుకురాలేదు. సగానికి సగం తప్పు. నేను పళ్ళు చూశా."

"అనుకున్నా! నువ్వు పళ్ళే చూసుంటావని నాకు తెలుసు!"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టుడు పళ్ళు చేసేదాన్ని, ఇంకేం చూస్తాను? పై పళ్ళు ఆరు కనిపిస్తే సంతోషం నొక్కా. పైవీ కిందవీ కనిపిస్తే భయం నొక్కా. నోరు మూసి ఉంటే ఏమీ లేదు నొక్కా. నోరు మూసుకుని కూడా కోపంగా ఉండొచ్చని తర్వాత చెప్పారు."

"రోజూ నన్ను చూస్తూ ఆ మాత్రం తెలియలేదా?"

"కోపమొస్తే నువ్వు నోరు మూయవు కదా."

"...అదీ నిజమే. కొంచెం పైకి జరుగు. ఊఁ, అలా."

"ఒకాయనకి ముందు పన్ను మీద తొడుగు ఉంది, పిట్టా. పక్క పన్నుకన్నా ఒక మెట్టు పసుపు. ఎవరు చేశారో గానీ కళ్ళు మూసుకుని చేశారు. ఆయన మొహం పదహారుసార్లు వచ్చింది. పదహారుసార్లూ నేను ఆ తొడుగే చూశా."

"పాపం, ఆయన ఏడుస్తున్నాడేమో ఆ ఫొటోలో!"

"ఏడుస్తున్నాడట. ఆ తొడుగు చూస్తే నాకూ ఏడుపొచ్చింది."

"నవ్వించకే, నీళ్ళు నీ మెడలోకి పోతాయి! కళ్ళు చూడొచ్చు కదా అక్కా. అందరూ కళ్ళే కదా చూస్తారు."

"కళ్ళలోకి చూడటమంటే నాకు ట్యూబ్‌లైటు కేసి చూసినట్టుంటుంది. వెలుగు తెలుస్తుంది. దాని మీద ఏం రాసుందో తెలియదు."

"సరే, ఇటు చూడు. నా మొహం చూడు. ఇప్పుడేముంది?"

"తలకిందులుగా ఉంది."

"అబ్బా, నేను నీ నెత్తి మీద వంగి ఉంటే తలకిందులుగా కాక ఎలా ఉంటుంది! ఆ మొహంలో ఏముందీ అని."

"కింద కోరపన్ను పక్కది వంకర. ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నా, సరిచేయించుకో."

"నీకో దణ్ణం తల్లీ."

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. సగం తప్పయింది నా వేలు. నా కరెంటు కాదు."

"అంటే?"

"పోయిన నెల మొదటిసారి వెళ్ళా కదా, అప్పుడు టోపీ తీగలు పట్టిన నా మెదడు కరెంటు గీతలు ఇవాళ చూపించింది. కంప్యూటర్‌కి మొహాలు చూపించలేదట. నా మెదడు గీతలు మాత్రమే ఇచ్చారు. వాటిని బట్టి నేను చూసింది ఏ మొహమో కంప్యూటర్ చెప్పాలి. చెప్పింది. అన్నీ కాదు, చాలావరకు. నీలాంటివాళ్ళ గీతలతో ఎన్ని సరిగ్గా చెప్పిందో, నా గీతలతోనూ ఇంచుమించు అన్నే. నేను నొక్కినవాటికన్నా చాలా ఎక్కువ."

"ఆగాగు. బుర్ర నీది. దాన్ని చూసి కంప్యూటర్ కనిపెట్టింది, నువ్వు కనిపెట్టలేదు?"

"అవును. మొహంలో ఏముందో నా మెదడు పట్టుకుంటోందట. అది నా చేతి దాకా, నోటి దాకా వచ్చే దారిలో ఎక్కడో తప్పిపోతోందట. దానికి తెలుసు. నాకు చెప్పడం లేదు."

"అచ్చం మా ఆయనే. అన్నీ తెలుసు, ఏదీ చెప్పడు. చివరికి వెళ్ళిపోతున్నానని కూడా చెప్పకుండా వెళ్ళాడు మహానుభావుడు."

"నా మెదడు వెళ్ళిపోలేదు. ఇక్కడే ఉంది."

"ఉందిలే, దాని మీదే కదా షాంపూ పోస్తున్నా. మరైతే ఆటిజం ఉన్నవాళ్ళందరికీ ఇంతేనా?"

"నేనూ అదే అడిగా. అలా అనుకోవద్దంది. ముప్పై మందితో తేలే విషయం కాదంది. కొందరి మెదడు మొహాన్ని వేరే రకంగా చదువుతుందేమో, ఇంకా చాలామందిని చూడాలంది. నా గీతల గురించే చెప్పగలనంది."

"అయితే నా ఉద్యోగం ఊడిందన్నమాట."

"ఏ ఉద్యోగం?"

"ఇంకేం ఉద్యోగం, ఆరో ఏట అమ్మ వేసిన ఉద్యోగం! 'అక్క పక్కన కూర్చో, ఎవరికి కోపమొచ్చిందో, ఎవరు వేళాకోళం చేస్తున్నారో చెవిలో చెప్పు' అని. నీకన్నా నాలుగేళ్ళు చిన్నదాన్ని, నీ చెవి అందక స్టూలెక్కి చెప్పేదాన్ని. 'అక్కా, హెడ్మాస్టరు మండిపడుతున్నాడు, సారీ చెప్పు.' 'అక్కా, అత్తయ్య ఊరికే అంటోంది, నిజంగా తినమని కాదు.' నువ్వేమో అప్పటికే రెండో ప్లేటు."

"రుచిగా ఉంది. తినమంటే తిన్నా."

"ఆవిడ మొహం చూడాల్సింది! ఆటిజమని కాగితం మీద పేరొచ్చింది మూడేళ్ళ క్రితం గానీ, నా డ్యూటీకి ముప్పై ఏళ్ళు దాటాయి. ఆ ల్యాబ్ అమ్మాయి టోపీ నా నెత్తిన పెట్టాల్సింది. నీ కరెంటు అక్కడ దొరికేది."

"తలుపు."

"ఏం తలుపు?"

"ఎవరో కొడుతున్నారు."

"ఆఁ, వస్తున్నా... లేదు, నువ్వు లేవకు! ఎవరూ? టీచరమ్మగారా? కొంచెం పనిలో ఉన్నానండీ, అక్కకి తల కడుగుతున్నా. అరగంటలో వస్తారా?"

"అలాగేనమ్మా, కూరగాయలు తీసుకుని వస్తాను. తొందరేం లేదు."

"థ్యాంక్సండీ... హమ్మయ్య. ఎక్కడున్నాం?"

"ఆవిడ మొహంలో ఏముంది?"

"టీచరమ్మ మొహంలోనా? విసుగు. కనపడనివ్వదు గానీ."

"నాకు విసుగనిపించలేదు. 'సరే' అనిపించింది."

"విసుగేనక్కా."

"నువ్వు ఆవిడ వైపు చూడలేదు, పిట్టా. షాంపూ సీసా మూత వెతుకుతున్నావు. నేను కుర్చీలోంచి తెరిచున్న తలుపు కేసే చూస్తున్నా. నువ్వు చూడకుండానే చెప్పావు."

"...అలవాటులే. చేతిలో పనుంటే నోటికొచ్చింది చెప్పేస్తా."

"ఎన్నిసార్లు?"

"ఏం ఎన్నిసార్లు?"

"చూడకుండా ఎన్నిసార్లు చెప్పావు?"

"నాకేం తెలుసు? లెక్కపెట్టానా? ముప్పై ఏళ్ళలో... కండిషనర్ పెట్టనా? కొబ్బరి వాసనది వచ్చింది, కొత్తది."

"వద్దు. చూసి కూడా వేరేది చెప్పింది ఎన్నిసార్లు?"

"అక్కా, ఏంటిది, పోలీసు విచారణా?"

"బోర్డులు రాసే ఆయన గుర్తున్నాడా?"

"ఎవరు?"

"దుకాణాలకి బోర్డులు రాసే ఆయన. ఆరేళ్ళ క్రితం వాళ్ళ నాన్నకి నా దగ్గర పళ్ళ సెట్టు చేయించాడు. తెలుపులో ఎన్ని రకాలున్నాయో నాకు చెప్పేవాడు. సున్నం తెలుపు, పాలమీగడ తెలుపు, ఉతికిన దుప్పటి తెలుపు. నేను పళ్ళ రంగులకి ఇప్పటికీ ఆ పేర్లే వాడతా."

"...ఆఁ. ఉన్నాడు. గుర్తున్నాడు. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా?"

"సరిపోయాయి. సెట్టు తీసుకెళ్ళే చివరిరోజు ఆయన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మనిద్దరం ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. పక్కపక్కన. 'అప్పుడప్పుడూ మీ ఇంటికి రావచ్చా?' అన్నాడు. ఆయన మొహం ఎప్పటిలా లేదు. నేను నిన్నడిగా. నువ్వు నా చెవిలో ఏం చెప్పావు?"

"ఆరేళ్ళయిందక్కా, నాకెక్కడ..."

"జాలి అన్నావు. 'జాలిపడుతున్నాడు అక్కా' అన్నావు. రెండు మాటలు. నాకు గుర్తుంది."

"అన్నానేమో."

"నాకు లోపల కాదనిపించింది. ఎందుకో తెలియదు. చెవులు వెచ్చబడ్డాయి. అమ్మ పోయినప్పుడు అందరూ జాలిపడ్డారు కదా, అప్పుడు చెవులు చల్లగా ఉన్నాయి. కానీ నేను నీ మాటే నమ్మా. ఎప్పుడూ నీ మాటే నమ్ముతా కదా."

"అక్కా..."

"ఇవాళ ల్యాబ్ అమ్మాయి 'మీ మెదడు సరిగ్గానే చదువుతోంది' అనగానే నాకు ఆ బెంచీ గుర్తొచ్చింది. అది జాలేనా, పిట్టా?"

"...కాదు."

"మరి?"

"ఇష్టం. కళ్ళ నిండా ఇష్టం. గుడ్డివాళ్ళకి కూడా తెలిసిపోయేంత. నెలకి మూడుసార్లు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చేవాడు, నెత్తి మీద కత్తిరించడానికి ఏమీ మిగిలేది కాదు. ఊరికే కత్తెర ఆడించి పంపేదాన్ని. నువ్వు ఇంటి వెనక పని గదిలోంచి బయటికొచ్చేదాకా ఇక్కడ పడిగాపులు కాసేవాడు. నాకు మొదటి నెలలోనే అర్థమైంది."

"మరి జాలి అని ఎందుకన్నావు?"

"నువ్వెళ్ళిపోతావని."

"ఎక్కడికి?"

"అతనింటికి! ఇంకెక్కడికి? నా పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. వాళ్ళ నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్ళి నాలుగు నెలలు. రాత్రుళ్ళు పాప గుక్కపెడితే నీ ఒళ్ళో తప్ప ఊరుకునేది కాదు. నువ్వు కూడా వెళ్ళిపోతే నేను... నాకు ఆ నిమిషంలో అదే వచ్చింది నోటికి. అనేశాక వెనక్కి తీసుకుందామంటే నువ్వప్పటికే అతనికి వద్దని చెప్పేశావు."

"'పళ్ళ పని అయిపోయింది కదండీ, ఇంకెందుకు రావడం' అన్నా."

"అదే. అతని మొహం వాడిపోయింది. అది మాత్రం నీకు చెప్పలేదు."

"నేను వద్దన్నది నీ మాట వల్ల కాదు. పళ్ళ పని నిజంగానే అయిపోయింది."

"అక్కా, నా బాధ తగ్గించడానికి అబద్ధాలాడకు."

"అబద్ధం నాకు రాదు. నీకే వచ్చు. అతను చెప్పే రంగుల పేర్లంటే నాకిష్టం. పేర్లన్నీ నేర్చుకున్నా. పెళ్ళి నాకెందుకు? అతనింట్లో నా పాలిషింగ్ మిషన్ పట్టదు."

"...అంతేనా? మరి ఆరేళ్ళ నుంచి నేను లోపల్లోపల కుళ్ళిపోతున్నదంతా..."

"అంతే కాదు."

"మరి?"

"పన్ను రంగు సరిపోల్చుకోవడానికి మనుషులొస్తే నేను ముందుగదిలోకే వచ్చేదాన్ని కదా. ఆ రోజు తర్వాత మానేశా. కిటికీలోంచే పని కానిచ్చా. ఎవరు నా వైపు చూసినా, ఇదీ జాలే అనుకునేదాన్ని. పాల ప్యాకెట్టు వేసేవాడు చూసినా జాలే. పాప స్కూలు వార్షికోత్సవానికి రాలేదు కదా, తలనొప్పి అన్నాను కదా. తలనొప్పి కాదు. అక్కడ రెండొందల మంది ఉంటారు. రెండొందల జాలి. అబద్ధం నాకు రాదన్నాను కదా. ఆ ఒక్కటీ ఆడాను. పిట్టా, నుదుటి మీద నీళ్ళు పడుతున్నాయి."

"షవర్‌లోంచి."

"షవర్ కట్టేసి ఉంది. ఏడుస్తున్నావు."

"ఈసారి మెదడు చెప్పిందా నీకు?"

"లేదు. నుదురు చెప్పింది."

"సిగ్గు లేకుండా నవ్విస్తావేంటే ఇలాంటప్పుడు! క్షమించమని ఎలా అడగను నేనిప్పుడు... అక్కా, నా మీద కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఇవాళ, బస్సులో. మూడు స్టాపుల దాకా చాలా కోపమొచ్చింది."

"మూడేనా?"

"నాలుగో స్టాపులో దిగాలి."

"తువ్వాలు ఇటివ్వు. నీకు కాదు, నాకు. ముక్కు కారుతోంది."

"అది నా తల తుడిచేది."

"ఇంకోటిస్తాలే. ఇప్పుడేం చేద్దామక్కా? చెప్పు. ఏం చెయ్యమంటే అది చేస్తా. కావాలంటే అతన్ని వెతుకుతా. బోర్డులు రాసేవాళ్ళు ఎంతమందుంటారు, నాలుగు వీధులు తిరిగితే..."

"వెతకక్కర్లేదు. ఫోన్ చేశా."

"ఎవరికి?"

"అతనికే. ల్యాబ్ నుంచి నేరుగా పని గదికి వెళ్ళా. వాళ్ళ నాన్న పళ్ళ అచ్చు ఇంకా దాచే ఉంచా. డబ్బా మీద నంబరు రాసుంది."

"ఈ జిగురు నెత్తితోనా!"

"ఫోన్‌లో నెత్తి కనపడదు."

"ఏమన్నావు? ఏమడిగావు?"

"'ఆ రోజు మా ఇంట్లో మీ మొహంలో ఉన్నది జాలేనా?' అని అడిగా."

"ఛీ ఛీ, అలా నేరుగా అడిగేస్తారా ఎవరైనా! 'బాగున్నారా' అనైనా అనలేదా?"

"ఆరేళ్ళు ఆలస్యమైంది. ఇంకా చుట్టూ తిప్పి అడగాలా?"

"ఏమన్నాడు మరి? చెప్పవే!"

"దగ్గాడు. తర్వాత 'కాదండీ, కాదు, కాదు' అన్నాడు. మూడుసార్లు."

"చూశావా! నీ చెవులు నిజమే చెప్పాయి. నా కళ్ళూ నిజమే చూశాయి. నోరే పాపిష్టిది. ఇష్టమే కదా? ఇష్టమని ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. ఇష్టమేనట. ఇప్పటికీ పోలేదట."

"అయ్యో దేవుడా. పెళ్ళి?"

"కాలేదట. వాళ్ళ నాన్న పోయారట. చివరిదాకా నా పళ్ళతోనే నమిలారట, ఒక్కసారి కూడా జారలేదట. అది విని బాగా అనిపించింది."

"పళ్ళ సంగతి తర్వాత! రమ్మన్నావా?"

"శనివారం సాయంత్రం వస్తానన్నాడు. పాపకి వాళ్ళ స్కూలు బోర్డు చూపిస్తే ఏ అక్షరం ఏ రంగో చెబుతుందని చెప్పా. నవ్వాడు. నవ్వేనని చప్పుడు బట్టి తెలిసింది."

"అక్కా, లే. లేచి అద్దం ముందు కూర్చో. జుట్టు ఆరబెట్టి చివర్లు సరిచేస్తా. పెళ్ళి వద్దంటే వద్దులే, కూర్చుని రంగుల గురించైనా మాట్లాడుకుందురు. నేను పాపని తీసుకుని బయటికి పోతా. ఒట్టు, ఈసారి నీ పక్కన కూర్చోను. చెవిలో ఒక్క ముక్క చెప్పను. అతని మొహం నువ్వే చూసుకో."

"నువ్వు బయటికి పోతే ఎలా?"

"ఎందుకే? నేనెందుకు మధ్యలో?"

"ఆ బెంచీ మీద మనిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం కదా, పిట్టా. అతను చూసింది నన్ను కాదట."